తరగతిలో తెర, పాఠములో విద్యార్థి

బి.ఇడి. శిక్షణ పొందువారిని మన శిక్షణ కళాశాలలలో ఛాత్రోపాధ్యాయులని పిలుచుట వాడుక. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో వెలువరించిన నిబంధనల ప్రకారము 2015-16 విద్యాసంవత్సరము నుండి ఈ శిక్షణ రెండు సంవత్సరములకు విస్తరించినది. అందులో మొత్తము 20 వారములు పాఠశాలలలో గడుపవలెను. రెండవ సంవత్సరమందలి 16 వారములు ఒక పాఠశాలలో నుండి, అక్కడి ఉపాధ్యాయుని పర్యవేక్షణలో నిజమైన తరగతులకు నిజమైన పాఠములు చెప్పవలెను. గ్రామములలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలకు వచ్చి, కొన్ని నెలలుండి వెడలిపోవు ఈ యువతీయువకులను మన పాఠకులలో చాలమంది చూచియే యుందురు. చేతిలో చార్టుల చుట్ట, సంచిలో రికార్డు పుస్తకములు. వీరిని గుర్తుపట్టుట కష్టము కాదు.

ప్రకాశం జిల్లా మెట్టప్రాంతములోని ఒక గ్రామమునకు ఇట్లు వచ్చిన ఒక ఛాత్రోపాధ్యాయిని ప్రతిదినము సాయంకాలము ఆనాటి పాఠమును గూర్చి నాలుగు మాటలు వ్రాసికొనుచుండెడిది. ఆమె బోధించునది సామాన్యశాస్త్రము. కళాశాలకు సమర్పింపవలసిన రికార్డు వేరు, ఈ పుస్తకము వేరు. రికార్డులో ప్రతి పాఠమును సఫలమగును. ఈ పుస్తకములో అట్లు కాదు. ఆమె చదువనిచ్చిన ఆ పుటలలోని విషయములు తల్లిదండ్రులకును, పాఠశాల కమిటీల సభ్యులకును ఉపయోగపడునని తోచి, వానిని ఇచ్చట వివరించుచున్నాము. పేరును, ఊరును ప్రస్తావింపవలదని ఆమె కోరిక.

గ్రామ పాఠశాలకు యంత్రము క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జూలై 31వ తేదీ వరకు ఒక సంవత్సరము పాటు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో మన దేశమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూళ్లకు వాడు ఇనుప వలతో చేసిన సుమారు మూడు మీటర్ల ఏంటెన్నాను నిలిపి, ఉదయము పిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయ, ఆరోగ్య విషయములు చూపిరి. తెలుగు కార్యక్రమములు హైదరాబాదు కేంద్రములో తయారైనవి. నేడు పాఠ్యపుస్తకముల పుటలలో కనిపించు నలుపు తెలుపు గడుల గుర్తులు కేంద్రప్రభుత్వపు దీక్ష వేదికకు దారి చూపునట్టివి. ఆ వేదిక 2017 సెప్టెంబరు 5వ తేదీన ప్రారంభమైనది. 2020లో కరోనా వ్యాధి కారణమున బడులు మూతపడినపుడు ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి, తెలంగాణలో యాదగిరి దూరదర్శన్ ఛానళ్లు పాఠములు ప్రసారము చేసినవి. తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు - మన బడి కార్యక్రమమున చేర్చిన పండ్రెండు అంశములలో డిజిటల్ తరగతి గది ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్‌లు పంచిపెట్టిరి. 2023 నుండి ఉన్నత తరగతుల గదులలో డిజిటల్ బోర్డులు అమర్చబడినవి. పరికరములు వచ్చిన తేదీలు చెప్పుట సులభము. వాని ముందు కూర్చుండిన పిల్లలు ఏమి నేర్చిరో చెప్పుట అంత సులభము కాదు. మన ఛాత్రోపాధ్యాయిని పుస్తకమంతయు ఈ రెండవ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

ఆరవ తరగతికి నీరు ఆవిరియగుటను గూర్చిన పాఠము డిజిటల్ బోర్డుపై జరిగినది. చక్కని రంగులతో సముద్రము, సూర్యుడు, మేఘము కదలాడుచుండ పిల్లలు కిమ్మనక చూచిరి. తరగతి అంత నిశ్శబ్దముగా నుండుట చూచి పర్యవేక్షకుడు సంతోషించెను. పాఠము ముగిసిన పిదప ఆమె, తడి బట్ట నీడలో కంటె గాలి వీచుచోట త్వరగా ఎందుకు ఆరునని అడిగెను. ఒక్కరును పలుకలేదు. ఆవిరియగుట అన్న పదమునకు నిర్వచనము మాత్రము నలుగురైదుగురు అప్పజెప్పిరి.

మరునాడు బోర్డును ఆన్ చేయలేదు. ఒక గ్లాసెడు నీటిని వెడల్పుగానున్న పళ్లెములోను, అంతే నీటిని సన్నని సీసాలోను పోయించి వరండాలో ఎండ తగులు చోట పెట్టించెను. రెండు చేతిరుమాళ్లను ఒకే తీరున తడిపించి, ఒకదానిని మడిచియు, రెండవదానిని పరచియు దండెముపై వేయించెను. ఏది ముందుగా ఆరునో, ఎందుకు ఆరునో పందెము వేసికొనుడనెను. అప్పుడు వెనుక వరుసలోని ఒక పిల్లవాడు, అంతవరకు పలకరించినను తల వంచుకొనువాడు, లేచి నిలిచి, “మా అమ్మ మిరపకాయలు పలచంగా ఆరబోస్తది టీచర్, కుప్పగా పోస్తే బూజు పడుద్ది” అనెను. ఉపరితలము ఎంత విశాలమైన ఆవిరియగుట అంత త్వరితమన్న సూత్రము వాని కల్లములో పుట్టి తరగతిలోనికి నడచి వచ్చినట్లయినది. ఆ మాట బోర్డుపై వచ్చిన పాఠములో లేదు, ఉండుటకు వీలును లేదు. ఆ పాఠమును తయారుచేసినవారు ఆ పిల్లవాని కల్లమును ఎరుగరు.

దీనినే విద్యావేత్తలు విద్యార్థుల భాగస్వామ్యముతో కూడిన అభ్యసనమందురు. పేరు బరువుగా నున్నది గాని విషయము సులభమే. వినుట, చూచుట మాత్రమే కాక, విద్యార్థి తాను ఊహించుట, చేసి చూచుట, తోటివానితో వాదించుట, తన మాటలలో తిరిగి చెప్పుట ఇందులోని పనులు. గది సందడిగా నున్నంత మాత్రమున ఇది జరుగుచున్నదని భ్రమపడరాదు. బంకమట్టితో బొమ్మలు చేయించి, పాటలు పాడించి, గంట గడిపి, ఒక్క ఆలోచనయు రేకెత్తింపని తరగతులు మనమెరుగనివి కావు. అట్లే కదలక కూర్చుండిన పిల్లవాని మనస్సు చురుకుగా పనిచేయుచుండవచ్చును. ఈ భేదమును ఛాత్రోపాధ్యాయిని ఒక చిన్న ఉపాయముతో కనుగొనెను. పాఠము చివర, “నేటి పాఠములో నీకు అర్థము కానిదేది?” అని చీటీలపై వ్రాయించెను. ఏమియు వ్రాయనివారు అంతయు అర్థమైనవారు కారని రెండు మూడు వారములలోనే తెలిసిపోయినది. ప్రశ్న వ్రాయగలవాడే పాఠమును వెంబడించినవాడు.

యంత్రమునకును చర్చకును గల సంబంధమును తెలుపు పాత ప్రయోగమొకటి మన దేశముననే జరిగినది. 1956లో నాటి బొంబాయి రాష్ట్రమందలి పుణె పరిసర జిల్లాలలో ఆకాశవాణియు, యునెస్కో సంస్థయు కలిసి గ్రామీణ రేడియో సభలను నెలకొల్పినవి. సుమారు 150 గ్రామములలో రైతులు ఒకచోట కూడి వ్యవసాయ కార్యక్రమమును విని, వెంటనే దానిపై చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాసిపంపుచుండిరి. వీనితో పోల్చి చూచుటకు, రేడియో యుండియు సభలు లేని గ్రామములను, రేడియోయే లేని గ్రామములను కూడ పరిశీలించిరి. సభలు నడచిన గ్రామములలో రైతుల పరిజ్ఞానము ఎంతో పెరిగినది. సభలు లేని గ్రామములలో రేడియో ఉన్నచోట కూడ పెరుగుదల స్వల్పమే. ప్రచార శాఖలో పనిచేయు మావంటి వారికి ఈ ఫలితము కొంత మింగుడుపడనిదే యైనను, మరువదగినది కాదు. పెట్టె నుండి మాట వెలువడినంతనే పని జరుగదు. విన్నవారు నలుగురు కూర్చుండి దానిని తిరుగవేసి మరుగవేసి చూడవలెను. రైతుల విషయమున సత్యమైనది పండ్రెండేండ్ల పిల్లల విషయమున అసత్యమగునా?

తరగతిలో చర్చకు మొదటి ఆటంకము ఉపాధ్యాయుని తొందర. ఇది కొంచెము వింతగా తోచవచ్చును. అమెరికా దేశపు విద్యాపరిశోధకురాలు మేరీ బడ్ రో 1970 దశకములో ప్రచురించిన పరిశోధనలలో, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిదప సమాధానమునకై సగటున ఒక్క సెకను కాలము మాత్రమే వేచియుందురని తేలినది. అంతలో జవాబు రానిచో తామే చెప్పుదురు, లేదా మరియొకనిని లేపుదురు. ఈ కాలమును మూడు సెకనులకు పెంచినపుడు జవాబులు పొడవైనవి, చెప్పువారి సంఖ్య పెరిగినది, పిల్లలు తామే ప్రశ్నలు వేయసాగిరి. మన ఛాత్రోపాధ్యాయిని తన తోటి శిక్షణార్థిని గడియారముతో వెనుక బల్లపై కూర్చుండబెట్టి తన పాఠమును కొలిపించుకొనెను. పిమ్మట ప్రశ్న వేసినపుడెల్ల మనస్సులో ఒకటి, రెండు, మూడు అని లెక్కించుకొనుట అలవరచుకొనెను. ఆ మూడు సెకనులు ఎంత దీర్ఘముగా తోచునో అనుభవించినవారికే తెలియునని వ్రాసికొనెను. ఆ వ్యవధిలో నోరు విప్పినవారు ఎక్కువగా వెనుక వరుసలలోని బాలికలని కూడ ఆమె గుర్తించెను. ముందు వరుసలోని వారు సగము ప్రశ్నకే చేయి ఎత్తువారు కనుక, వీరికి ఇంతకుమున్ను వంతు రాలేదు. దీనికి కరెంటు అక్కరలేదు, కాసు ఖర్చు లేదు.

తరువాతి ప్రయోగము కార్డులది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఎరిక్ మజూర్ 1991 ప్రాంతమున ఒక పద్ధతిని ప్రవేశపెట్టెను. పాఠము నడుమ నాలుగు జవాబులతో ఒక ప్రశ్న వేయుదురు. ప్రతి విద్యార్థియు ఎవరిని సంప్రదింపక ఒక జవాబును ఎన్నుకొనును. తరువాత ప్రక్కవానితో వాదించి, మరల ఎన్నుకొనును. సంపన్న విద్యాలయములలో దీనికై మీటలు నొక్కు చిన్న పరికరములను వాడుదురు. మన ఛాత్రోపాధ్యాయిని పాత శుభలేఖలను కత్తిరించి, వాని వెనుకవైపున అ, ఇ, ఉ, ఎ అని పెద్ద అక్షరములు వ్రాయించెను. ఎనిమిదవ తరగతికి ఆమె వేసిన ప్రశ్న ఇది: గిన్నెలో నీరు తెర్లుచున్నది, మంటను ఇంకను పెంచినచో నీటి వేడిమి పెరుగునా, తగ్గునా, అట్లే యుండునా, చెప్పలేమా? తరగతిలో చాలమంది పెరుగునను కార్డునే ఎత్తిరి. ఉన్నట్లే యుండునన్నవారు కొద్దిమంది. వాదము మొదలైనది. మధ్యాహ్న భోజనము వండు ఆమె తెర్లిన పిదప మంట తగ్గించుననియు, తగ్గించినను అన్నము ఉడుకుననియు ఒక బాలిక చెప్పెను. మంట పెంచితే నీరు త్వరగా ఇంకిపోవును గదా, అందువలన వేడి పెరిగినట్లే యని మరియొకడు. అప్పుడు ప్రయోగశాల నుండి ఉష్ణమాపకమును తెచ్చి, దాని బుడ్డి గిన్నె అడుగునకు తగులకుండ పట్టి చూపిరి. నూరు డిగ్రీల దగ్గరకు వచ్చి పాదరసము నిలిచిపోయినది. మంట పెంచిరి; బుడగలు ఎక్కువైనవి, పాదరసము కదలలేదు. అదనపు వేడి అంతయు నీటిని ఆవిరిగా మార్చుటకే ఖర్చగుచున్నదని అప్పుడు చెప్పిన మాట, ముందుగా చెప్పియున్నచో ఎవరి చెవికిని ఎక్కియుండెడిది కాదు. తాము పందెము కాచిన విషయము కనుక విని తీరిరి.

ఇట్టి పద్ధతుల ఫలితమును లెక్కలతో చూపిన పరిశీలన యొకటి 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడినది. కళాశాలలలో విజ్ఞాన, గణిత, ఇంజనీరింగు విషయముల బోధనపై జరిగిన 225 అధ్యయనములను క్రోడీకరించి చూడగా, ఉపన్యాస తరగతులలో నూటికి సుమారు 34 మంది తప్పగా, విద్యార్థులు పాల్గొను తరగతులలో తప్పినవారు 22 మంది. అవి కళాశాలలన్న సంగతి గుర్తుంచుకొనవలెను. పల్లెటూరి ఆరవ తరగతికి ఆ అంకెలను అట్లే అన్వయింపరాదు.

అంకెల ప్రస్తావన వచ్చినది కనుక శిక్షణ కళాశాలలలో తరచుగా వినిపించు మరియొక అంకెల వరుసను గూర్చి చెప్పవలసి యున్నది. చదివినది నూటికి పదివంతులు, విన్నది ఇరువది వంతులు, చూచినది ముప్పది వంతులు, స్వయముగా చేసినది తొంబది వంతులు గుర్తుండునని గోడపటములపై అచ్చువేయుదురు. దీనిని ఎడ్గార్ డేల్ అను అమెరికా ఆచార్యుని పేర చెలామణి చేయుదురు. డేల్ 1946లో ప్రచురించిన గ్రంథమున అనుభవ శంకువు అను చిత్రము కలదు. స్వయముగా చేసిన అనుభవములు అడుగుననుండి, మాటలు, గుర్తులు శిఖరమున నుండునట్లు ఆయన చూపెను. అందులో అంకెలు లేవు. తరువాత ఎవరో చేర్చిరి. వానికి ఆధారమైన ప్రయోగమేదియు లేదు. తన చిత్రమును అక్షరాల పట్టుకొనవలదని డేలే హెచ్చరించియుండెను. ఛాత్రోపాధ్యాయిని తన రికార్డులో ఈ అంకెలను అందరివలెనే వ్రాసినది. తన సొంత పుస్తకములో వాని ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టుకొన్నది. పరీక్షలో ఏది వ్రాయునో మనము అడుగవలదు.

చేసి నేర్చుకొనుట అనునది ఎక్కడనుండియో దిగుమతియైన భావమని కొందరు తలంచుచున్నారు. గాంధీమహాత్ముని ప్రాథమిక విద్యాపథకము 1937లో వార్ధా సమావేశమున రూపొందినది. అంతకు ముందే గుజరాతులోని భావనగరమున గిజుభాయి బధేకా కథలతోను, ఆటలతోను పసిపిల్లలకు పాఠములు చెప్పెను. ఆయన రచించిన దివాస్వప్న తెలుగులో పగటికల అను పేరుతో వచ్చినది. దానిని చదువని ఉపాధ్యాయులు తెప్పించుకొని చదువదగును. మన రాష్ట్రమున 1980 దశకములో బ్రిటిషు ప్రభుత్వ సాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము కొన్ని బడులలో మొదలై, పిదప రాష్ట్రమంతటికి వ్యాపించినది. ఆ పథకము ఉపాధ్యాయులకు నేర్పిన ఆరు సూత్రములలో చేసి కనుగొని నేర్చుకొనుట, వ్యక్తిగతముగను జట్లుగను పనిచేయుట, పరిసరములను వినియోగించుట, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించుట కలవు. ఆనాడు శిక్షణ పొందిన పెద్ద ఉపాధ్యాయులను కదిపినచో ఇప్పటికిని ఆ సూత్రములను వల్లించుదురు. మదనపల్లె సమీపమునగల ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రము వారి పద్ధతి ఇంకను విశేషమైనది. ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను నడుపవలసిన చిన్న బడులకై వారు పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లవలె వరుసపరచిరి. ప్రతి పిల్లవాడు తన మెట్టును తానే గుర్తించి, దానికి సరియైన కార్డును తీసికొని పనిచేసికొనును. జ్వరము వచ్చి పదిదినములు రానివాడు తిరిగి వచ్చి తాను విడిచిన మెట్టు నుండియే సాగును. తరువాత తమిళనాడు ప్రభుత్వము కార్యకలాప బోధనను చేపట్టినపుడు ఈ పద్ధతియే దానికి మార్గదర్శకమైనది.

ఇక డిజిటల్ బోర్డు నిష్ప్రయోజనమా? కానేకాదు. ఏడవ తరగతికి రక్తప్రసరణ పాఠమును చెప్పునపుడు ఆమె దానినే ఆశ్రయించెను. కొట్టుకొనుచున్న గుండెను, తెరచుకొని మూసికొను కవాటములను సుద్దముక్కతో చూపలేము. అయితే ఆమె వాడిన విధానము వేరు. వ్యాఖ్యానము ఇంగ్లీషులో త్వరత్వరగా సాగుచున్నందున ధ్వనిని పూర్తిగా తీసివేసెను. రక్తము కుడి భాగమున ప్రవేశించినచోట చిత్రమును నిలిపి, ఇక్కడనుండి ఎటు పోవునో చెప్పుడనెను. పిల్లలు బోర్డు దగ్గరకు వచ్చి వ్రేలితో గీతలు గీసిరి. ఒకరిద్దరు తిన్నగా శరీరమునకు పంపిరి, ఒకడు ఊపిరితిత్తులకు పంపెను. పిదప చిత్రమును కదిలించి చూపెను. మరునాడు మణికట్టు వద్ద నాడిని పట్టించి, పదునైదు సెకనులు లెక్కింపించి నాలుగుతో హెచ్చవేయించెను. మైదానము చుట్టును ఒకమారు పరుగెత్తించి మరల లెక్కింపించెను. మూడవ దినమున పిల్లలే, ధ్వని లేని ఆ చిత్రమునకు తెలుగులో వ్యాఖ్యానము చెప్పిరి. తెర ప్రశ్న వేయునట్టి సాధనమైనప్పుడు దాని విలువ పెరిగినదని ఆమె వ్రాసికొన్నది. మా అభిప్రాయమును అదే. పది నిమిషముల చిత్రమును పది నిమిషములలో చూపి ముగించుట సులభము. దానిని నాలుగుచోట్ల ఎక్కడ నిలుపవలెనో ముందురాత్రి కూర్చుండి నిర్ణయించుకొనుట ఉపాధ్యాయుని పని.

పరికరములను పంచినంతనే చదువు పెరుగదని ఇతర దేశముల అనుభవము. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము పిల్లలకు చిన్న కంప్యూటర్లను విరివిగా పంచిపెట్టినది. 319 గ్రామీణ పాఠశాలలలో జరిపి 2012లో ప్రకటించిన పరిశీలనలో, గణితమునందు గాని భాషయందు గాని పిల్లల నేర్పు పెరిగిన జాడ కానరాలేదు. గుజరాతులో జరిగిన మరియొక పరిశీలన ఇంకను సూక్ష్మమైన విషయమును తెలిపినది. కంప్యూటరు పాఠమును ఉపాధ్యాయుని పాఠమునకు బదులుగా పెట్టినపుడు పిల్లలు వెనుకబడిరి. బడి వేళల తరువాత అదనముగా పెట్టినపుడు, ముఖ్యముగా చదువులో వెనుకబడినవారు, లాభము పొందిరి. ఢిల్లీలో ఉన్నత తరగతుల పిల్లలకు బడి తరువాత నడపిన కంప్యూటరు కేంద్రములపై 2019లో వెలువడిన పరిశీలన కూడ ఇట్లే చెప్పుచున్నది. అక్కడి పిల్లలలో అనేకులు తమ తరగతికి కొన్ని తరగతుల క్రిందిస్థాయిలో నుండిరి. కంప్యూటరు ప్రతివానిని వాని స్థాయి నుండి మొదలుపెట్టించినది. నాలుగున్నర నెలలలోనే గణితమునందును హిందీయందును స్పష్టమైన అభివృద్ధి కనిపించినది.

ఈ విషయము మన గ్రామములకు ఎంత ముఖ్యమో ఛాత్రోపాధ్యాయిని పుస్తకమందలి ఒక పుట చెప్పుచున్నది. ఏడవ తరగతిలోని ఒక బాలిక తల్లిదండ్రులతో మిరప కోతలకు గుంటూరు ప్రాంతమునకు పోయి, ఏడు వారముల తరువాత తిరిగి వచ్చెను. అంతలో తరగతి మూడు పాఠములు దాటిపోయినది. ఆ పిల్ల హాజరు పలికి, పుస్తకము తెరచి, సాయంకాలము దాక మౌనముగా కూర్చుండెడిది. ఇక బడికి ఎందుకని తల్లి కూడ అనసాగినది. కోతలలో పిల్లకు కూలి దొరకును, బడిలో ఏమియు అర్థము కాదు. ఆ తల్లి లెక్కను తప్పుపట్టుట సులభము కాదు. పాఠ్యపుస్తకములోని గుర్తును ఫోనుతో చూచి ఇంటి దగ్గర పాఠము వినుమని చెప్పవచ్చును గాని, ఆ ఇంటిలో ఫోను ఒక్కటే, అది తెల్లవారుజామున తండ్రి వెంట పొలమునకు పోవును. ఛాత్రోపాధ్యాయిని ప్రధానోపాధ్యాయుని అనుమతితో బడి విడిచిన పిమ్మట అరగంట సేపు డిజిటల్ బోర్డుపై విడిచిన పాఠములను ఆ బాలికకు చూపసాగెను. తోడుగా ఇద్దరు స్నేహితురాండ్రను కూర్చుండబెట్టి, వారిచేతనే వివరింపజేసెను. అర్థము కానిచోట చిత్రమును ఎన్నిసార్లయినను వెనుకకు తిప్పవచ్చును. ఉపాధ్యాయుడు విసుగుకొనునను భయము లేదు. మూడవ వారమున ఆ బాలిక తరగతిలో కార్డు ఎత్తెను. అది తప్పు జవాబే. ప్రక్కదానితో వాదించి రెండవసారి కూడ అదే కార్డును ఎత్తెను. ఆనాటి పుటలో ఛాత్రోపాధ్యాయిని వ్రాసికొన్నది ఈ సంగతి ఒక్కటే. ఆ పిల్ల సంవత్సరాంతము వరకు బడి మానలేదు.

పాఠశాల కమిటీల వారు గమనింపవలసిన విషయములు కొన్ని ఇందులో కలవు. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 21వ విభాగము ప్రకారము యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు సభ్యులు తల్లిదండ్రులే, మొత్తము సభ్యులలో సగముమంది స్త్రీలు. కనుక ఇది తమ పని కాదని ఎవరును తప్పుకొనరాదు. డిజిటల్ బోర్డు దొంగల పాలగునను భయముతోనో, ధూళి పడుననియో గుడ్డ కప్పి గదికి తాళము వేయు పాఠశాలలు కలవు. కిటికీకి తలుపు బిగించుట, రాత్రి కావలి ఏర్పాటు చేయుట గ్రామము చేయగల పనులు. ఏ వేళలలో కరెంటు నిలుచునో ముందుగా తెలిసికొని ప్రధానోపాధ్యాయునికి చెప్పినచో ఆయన పాఠముల వేళలను సర్దుకొనగలరు. వలస పోవు కుటుంబముల పిల్లలు ఎందరో, ఎప్పుడు తిరిగి వత్తురో తెలిసినవారు ఊరివారే. ఆ జాబితా బడికి అందినచో బడి విడిచిన తరువాత అరగంట నిర్ణయించుట కష్టము కాదు. సమావేశమునకు పోయినపుడు బోర్డులెన్ని వచ్చినవని అడుగుటతో ఆగక, పిల్లవానిని ఇంటిలో, “ఇయ్యాల బడిలో నువ్వేం అడిగావు?” అని అడిగి చూడవలెను. ఏమి చెప్పిరని అడుగుట కంటె ఇది ఎక్కువ తెలుపును.

పదునారు వారములు ముగిసిన పిదప ఛాత్రోపాధ్యాయిని కార్డుల పెట్టెను సామాన్యశాస్త్ర ఉపాధ్యాయునికి అప్పగించి వెడలెను. అట్టివి చేయదలచినవారికి వివరము: విద్యార్థి యొక్కనికి నాలుగు కార్డులు వలయును. మందమైన శుభలేఖ నొకదానిని నాలుగుగా కత్తిరించినచో ఒక విద్యార్థికి సరిపోవును. నలువది మంది తరగతికి నలువది శుభలేఖలు చాలును. అక్షరములు చివరి బల్లకు కూడ కనిపించునంత పెద్దవిగా, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క రంగున వ్రాయవలెను. అప్పుడు ఉపాధ్యాయుడు ఒక్కచూపుతో తరగతి అభిప్రాయమును గ్రహింపగలడు. మాఘ, ఫాల్గుణ మాసముల పెండ్లిండ్ల పిమ్మట ఊరిలో శుభలేఖలకు కొదువ యుండదు.